డాబామీది తీగ: ఔత్సాహిక రేడియోకు తొలి సన్నాహము

రేడియో వినువారిలో కొందరికి, కొంతకాలము గడచిన పిమ్మట, వినుటతో మాత్రమే తృప్తి కలుగదు. ఈ మాట ఎక్కడనుండి వచ్చుచున్నది, ఏ దారిని వచ్చుచున్నది, మేమును ఇట్లు మాటాడరాదా అను ప్రశ్నలు బయలుదేరును. మారేడుపల్లిలోను, అల్వాలులోను, తిరుమలగిరిలోను మాకు ఎదురుపడిన శ్రోతలు పలువురు అడిగినది ఇదియే. ఇంటిలో కూర్చుండి దేశదేశములవారితో మాటాడు ‘హామ్’ రేడియోకు ఏ యంత్రము కావలెను, అనుమతి ఎవరిత్తురు, ఏరియల్ ఎక్కడ కట్టవలెను? మొదటి రెండు ప్రశ్నలకు సమాధానము చిన్నది. మూడవదానికే పెద్దది. వేలు పోసి యంత్రము కొని ఏరియల్ విషయములో అశ్రద్ధ చేసినవానికి వినబడునది చప్పుడు మాత్రమే. ఒక చుట్ట తీగను తెలివిగా కట్టినవాడు చిన్న యంత్రముతోనే వందల మైళ్ళ దూరమువారిని పలుకరింపగలడు.

హామ్ అనగా ఔత్సాహికుడు. లాభాపేక్ష లేక, స్వశిక్షణ కొరకును, ప్రయోగముల కొరకును ప్రభుత్వానుమతితో రేడియో ప్రేషకయంత్రమును నడపువాడు. మన దేశమున ఈ విద్యకు 1921 ప్రాంతముననే అమరేంద్ర చంద్ర గుప్తు, ముకుల్ బోస్ అను ఇరువురు శ్రీకారము చుట్టిరి. ఆ రోజులలో రెండువందల మీటర్లకు దిగువనున్న హ్రస్వతరంగములు దూరప్రయాణమునకు పనికిరావని నిపుణుల అభిప్రాయము. అందుచే వానిని ఔత్సాహికులకు వదలివేసిరి. ఆ వదలివేసిన తరంగములతోనే 1923 నవంబరులో ఫ్రాన్సుదేశపు లెయాన్ దెలోయ్, అమెరికాలోని ఫ్రెడ్ ష్నెల్ అట్లాంటిక్ సముద్రమునకు ఆవలి యొడ్డున ఒకరు, ఈవలి యొడ్డున ఒకరు కూర్చుండి మాటలు కలిపిరి. పనికిరావన్నవే దూరప్రసారములకు రాజమార్గములైనవి. మన హైదరాబాదు ప్రసారముల మూలముకూడ ఒక వ్యక్తి ఉత్సాహమే. చిరాగ్ అలీ సందులో మహబూబ్ అలీగారు సొంతముగా ఆరంభించిన చిన్న ప్రసారమును 1935లో నిజాము ప్రభుత్వము చేపట్టగా అది డెక్కన్ రేడియో అయినది. దాని శక్తి అప్పుడు రెండువందల వాట్లు. 1950లో అది ఆలిండియా రేడియోలో కలిసినది.

ఇంకొక ముచ్చట చెప్పి అసలు విషయమునకు వత్తుము. 1939లో యుద్ధము రాగానే ప్రభుత్వము ఔత్సాహికుల అనుమతులను రద్దుచేసి యంత్రములను అప్పగింపుమన్నది. బొంబాయిలో నారిమన్ ప్రింటర్ అను ఔత్సాహికుడు తన యంత్రభాగములను పూర్తిగా వదలుకొనలేదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమ సమయమున ఉషా మెహతా ప్రభృతులు నడపిన రహస్యమైన కాంగ్రెసు రేడియోకు ఆయన నైపుణ్యము ఉపయోగపడినది. ఆ కేంద్రము తాను మాటాడుచున్న తరంగముగా ప్రకటించుకొన్నది 42.34 మీటర్లు. మూడువందలను మీటర్ల సంఖ్యచే భాగించినచో మెగాహెర్ట్జ్ వచ్చును. భాగించి చూడుడు: ఏడును దాటి స్వల్పము. నేడు మన దేశపు ఔత్సాహికులు అందరికంటె ఎక్కువగా గుమికూడు పట్టీ ఈ ఏడు మెగాహెర్ట్జ్ పట్టీయే; దానినే నలుబది మీటర్ల పట్టీ అందురు. మేము ఈ వ్యాసములో కట్టబోవు తీగయు దానికే.

మొదట వినుడు. ఒకప్పుడు వినుటకుకూడ లైసెన్సు ఉండెడిది. రేడియో ఉన్న ప్రతి ఇంటివారు పోస్టాఫీసులో ఏటేట రుసుము చెల్లించి చిన్నపుస్తకములో బిళ్ళ అంటించుకొనెడివారు. పాత పెట్టెలలో అట్టి పుస్తకములు ఇప్పటికిని కొందరి ఇండ్లలో దొరకును. హ్రస్వతరంగములు పట్టు సెట్టు ఉన్నచో దాని వెనుకనున్న ఏరియల్ రంధ్రమునకు ముప్పది అడుగుల తీగ తగిలించి, ఉదయము ఏడు మెగాహెర్ట్జ్ ప్రాంతమున ముల్లు త్రిప్పి చూడుడు. బాతులు అరచినట్లు ఒక విధమైన గొంతు వినబడును. సెట్టు చెడిపోయినదని భయపడవలదు. అది ఔత్సాహికుల సంభాషణయే. మేము మా కేంద్రమునుండి పంపు ప్రసారములో మాటతోపాటు ఒక వాహకతరంగము కూడ ప్రయాణము చేయును. ఔత్సాహికులు శక్తి పొదుపు కొరకు ఆ వాహకమును, దాని ప్రక్కనుండు రెండు పార్శ్వములలో ఒకదానిని తీసివేసి, మిగిలిన ఒక్క పార్శ్వమునే పంపుదురు. తీసివేసిన వాహకమును వినువాడు తన యంత్రములోనే మరల పుట్టించి చేర్చుకొనవలెను. ఆ ఏర్పాటు సామాన్యపు సెట్టులో ఉండదు. సింగిల్ సైడ్‌బాండ్ అని వ్రాసియున్న సెట్టులో ఉండును. దానితో వినినప్పుడు బాతు మనిషియగును!

ఇట్లు నెలరోజులు వినినవానికి తెలియు విషయములు పుస్తకములవలన తెలియవు. పట్టపగలు బెంగుళూరు, విజయవాడ, విశాఖపట్టణము స్పష్టముగా వినబడి, చీకటిపడిన పిమ్మట అవే క్షీణించి, ఎక్కడివో విదేశీయుల గొంతులు పైకి వచ్చును. కారణము మన నెత్తిమీద వంద, రెండువందలు, మూడువందల కిలోమీటర్ల ఎత్తున నున్న అయనావరణము. సూర్యకిరణములచే విద్యుదావేశము పొందిన ఆ పొరలు హ్రస్వతరంగములను క్రిందికి వంచి పంపును. కలకత్తాలో శిశిరకుమార మిత్రా తన జీవితమంతయు వెచ్చించి పరిశోధించినది ఈ పొరలనే. పగలు పొర దట్టముగా నుండుటచే దాదాపు నిట్టనిలువుగా పోయిన తరంగము సైతము తిరిగివచ్చును; అందుచే దగ్గరి ఊళ్ళు వినబడును. రాత్రి పొర పలుచబడగా నిలువుగా పోయినది ఆకాశమున కలిసిపోవును. ఏటవాలుగా పోయినదే దూరమున దిగును. ఈ మాట గుర్తుంచుకొనుడు. తీగ ఎంత ఎత్తున కట్టవలెనను ప్రశ్నకు సమాధానము ఇందే ఉన్నది.

మాటాడుటకు మాత్రము అనుమతి తప్పదు. కేంద్రప్రభుత్వ సంచారశాఖవారు నిర్వహించు పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సు పొందవలెను. ఔత్సాహిక సేవా నిబంధనల క్రింద రెండు తరగతులు ఏర్పడినవి. రిస్ట్రిక్టెడ్ అను తరగతికి విద్యుచ్ఛాస్త్రపు ప్రాథమికాంశములు, నియమములు తెలిసినచో చాలును. జనరల్ తరగతికి మోర్సు సంకేతములు కూడ రావలెను. పండ్రెండేండ్లు నిండిన పిల్లలు సైతము పరీక్షకు కూర్చుండవచ్చునని నియమము. నిబంధనలు అప్పుడప్పుడు మారుచుండును కనుక దరఖాస్తుకు ముందు సరిచూచుకొనుట మంచిది. నేర్చుకొనగోరువారికి 1983లో హైదరాబాదున స్థాపితమైన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ రాజభవన్ రోడ్డున ఉన్నది. అనుమతి పొందినవానికి ‘వీయూ’ అను అక్షరములతో ఆరంభమగు పిలుపుపేరు ఇత్తురు. ఆ పేరుతో సంగీతము ప్రసారము చేయరాదు, వ్యాపారము మాటాడరాదు, రహస్యభాష వాడరాదు.

ఇన్ని నిర్బంధములతో ప్రభుత్వము ఈ వేడుకను ఏల పోషించుచున్నదని అడుగువారు కలరు. 2004 డిసెంబరులో ఈ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ అను ఔత్సాహికురాలు కొందరు సహచరులతో అండమానులోని పోర్ట్‌బ్లెయిర్‌నకు పోయి, ఎన్నో ఏండ్లుగా ఔత్సాహిక రేడియోలో మూగవోయియున్న ఆ ద్వీపములనుండి ప్రపంచమును పలుకరించుచుండిరి. వేడుకగా సాగుచున్న ఆ కార్యక్రమము నడుమ డిసెంబరు 26న భూకంపమును, సునామీయు వచ్చెను. సాధారణ వార్తాసాధనములు తెగిపోయిన గంటలలో వారి యంత్రములే ప్రధానభూమికి సమాచారము చేర్చెను. తమవారు బ్రతికియున్నారో లేదో తెలియక తల్లడిల్లినవారికి ఆ గొంతు ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. మరుసటి ఏడు, 2005 మే 5న, మన శ్రీహరికోటనుండి పీఎస్ఎల్వీ-సీ6 మోసికొనిపోయిన హామ్‌శాట్ అను చిన్న ఉపగ్రహము ఔత్సాహికుల కొరకే నిర్మింపబడినది.

ఇక యంత్రము. దూరదేశముల పెద్దకంపెనీల యంత్రములు మంచివే, వెల భరించువారు కొనవచ్చును. అయితే మన నగరమునకు చెందిన యొక కథ చెప్పకపోయినచో మాకు తృప్తి లేదు. హైదరాబాదువాసి అష్హర్ ఫర్హాన్ అను ఔత్సాహికుడు, మన బజారులలో దొరకు చవుక సామగ్రితోనే మాటాడుటకును వినుటకును వీలగు యంత్రమును రూపొందించి, దాని పటమును అందరికి ఉచితముగా వెల్లడించెను. దాని పేరు బిటెక్స్. ఒకే వరుస ట్రాన్సిస్టరులు వినునప్పుడు ఒక దిక్కునకు, మాటాడునప్పుడు రెండవ దిక్కునకు పనిచేయుట అందలి చమత్కారము. తరువాత 2016లో నలుబది మీటర్ల పట్టీకి సిద్ధముచేసిన పలకలు వెలువడినవి; వానిలోని తీగచుట్టలను హైదరాబాదు స్త్రీలు చేతులతో చుట్టిరి. దేశదేశములలో వానిని కొని పెట్టెలలో అమర్చుకొన్నవారు కలరు. శక్తి ఏడెనిమిది వాట్లు. మీ ఇంటి రాత్రిదీపపు శక్తితో సమానము! ఇంత స్వల్పశక్తికి దారి చూపునది తీగయే.

ఇప్పుడు కొలతలు. తరంగపు పొడవులో సగము పొడవు గల తీగను నడిమికి తెంచి, తెంచినచోట కేబులు తగిలించుటయే డైపోల్. 7.1 మెగాహెర్ట్జ్‌కు తరంగము 42 మీటర్ల పైచిలుకు, సగము 21. కాని తీగ చివరల ప్రభావముచే నూటికి ఐదుపాళ్ళు తగ్గింపవలెను. సులభమైన లెక్క: 143ను మెగాహెర్ట్జ్ చేత భాగించుడు. 20.1 మీటర్లు వచ్చును. అనగా అరువదియారడుగులు, ఒక్కొక్క రెక్క ముప్పదిమూడు.

సికింద్రాబాదు కాలనీలలో రెండువందల గజముల స్థలము సామాన్యము: ముప్పది అడుగుల వెడల్పు, అరువది అడుగుల పొడవు. దాని మూలనుండి మూలకు అరువదియేడడుగులు. డాబా ఆ కొలతదే అయినను తీగ తిన్నగా కట్టుటకు త్రాళ్ళకు చోటు మిగులదు. అందుచే నడుమ ఇరువదియడుగుల వెదురుగడ నిలిపి, దాని కొసనుండి రెండు రెక్కలను రెండు మూలలకు ఏటవాలుగ దింపవలెను. తలక్రిందులైన ‘వీ’ అక్షరమువలె నుండుటచే దానికి ఆ పేరే వచ్చినది. మూలలలో రెండు చిన్నగడలు పెట్టి తీగకొసలను డాబానుండి ఎనిమిదడుగుల ఎత్తుననే ఆపినచో, ఒక్కొక్క రెక్క నేలమీద కొలిచిన ముప్పది అడుగుల పైచిలుకు చోటు తీసికొనును. త్రాటికి రెండుమూడడుగులు మిగులును. ఎనిమిదడుగులని ఏల అంటిమనగా, డైపోల్ నడుమ విద్యుత్ప్రవాహము హెచ్చు, కొసలలో వోల్టేజి హెచ్చు. మాటాడునప్పుడు కొసను ముట్టినవాని చర్మము కాలును. పిల్లలకు, బట్టలు ఆరవేయువారికి అందరాదు.

బట్టలమాట వచ్చినది కనుక చెప్పుచున్నాము. మేము కళాశాల విద్యార్థులముగా నున్నప్పుడు మొదటి తీగ కట్టినదినమున ప్రక్కయింటి పిన్నిగారు పిట్టగోడ ఆవలనుండి చూచి, “ఏం బాబూ, ఇంత గట్టిగా కట్టావు, మా దుప్పట్లు కూడా వేసుకోవచ్చునా?” అని అడిగిరి. “వద్దు పిన్నిగారూ, దీనిమీద అమెరికా వస్తుంది” అంటిమి. “రానీ నాయనా, దుప్పటి ఆరిన తరువాత రమ్మను” అని ఆమె సమాధానము. ఆ తీగమీద ఆ సంవత్సరము అమెరికా రాలేదు. బరోడా వరకు వచ్చినది.

తీగ ఏదైనను సరియే. ఇంటి వైరింగునకు వాడు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగితీగ చక్కగా పనిచేయును. త్రాళ్ళు, గొట్టములు, కప్పీలు రాణిగంజులో దొరకును. కేబులు, కనెక్టరులు కోఠీలోని గుజరాతీ గల్లీలో. కొసలకు గ్రుడ్డు ఆకారపు పింగాణీ బిళ్ళలు దొరకనిచో ప్లాస్టికు గొట్టపు ముక్కలకు రెండు రంధ్రములు పొడిచి వాడవచ్చును. నడుమ తగిలించు కేబులు యాభై ఓముల ఆర్జీ-58 రకము. టీవీ కేబులు డెబ్బదియైదు ఓములు; అదియు పనిచేయునుగాని దానిపై నుండు అల్యూమినియము అల్లికకు టంకము పట్టదు, చేతులు కాలుట మాత్రము నిశ్చయము. గడకొసన కేబులును ఇరువదియడుగుల మేర ఎనిమిది పది చుట్లుగా చుట్టి కట్టివేసినచో, ప్రసారశక్తి కేబులు పైతొడుగు వెంట ఇంటిలోనికి దిగకుండును.

తీగను లెక్కకంటె ఒక మూర పొడవుగానే కత్తిరింపుడు. తగ్గించుట సులభము, పెంచుట అతుకుల పని. వాట్లు ఎన్ని పైకి పోవుచున్నవి, ఎన్ని తిరిగివచ్చుచున్నవి చూపు ఎస్‌డబ్ల్యుఆర్ మీటరు ఒకటి కావలెను. 7.0 వద్దను, 7.2 వద్దను చూడుడు. 7.0 వద్ద తక్కువ చూపినచో తీగ ఇంకను పొడవు. రెండు రెక్కలను సమానముగా నాలుగైదు అంగుళములు తగ్గింపుడు. 7.2 వద్ద తక్కువైనచో పొట్టి. పట్టీ నడుమ ఒకటిన్నరకు లోపల వచ్చినచో అక్కడ ఆగుడు. ఒకటికి తేవలెనని పంతము పట్టి డాబా మెట్లు ఇరువదిసార్లు ఎక్కి దిగినవారిని ఎరుగుదుము. వినువానికి ఆ తేడా తెలియదు. ప్లాస్టికు తొడుగు గల తీగకు సూత్రము చెప్పినదానికంటె రెక్కకు ఒక జానెడు అదనముగ తగ్గవలసివచ్చును. మాకును అట్లే వచ్చినది. ఈ తీగయే కొంచెము సర్దుబాటుతో 21 మెగాహెర్ట్జ్ పట్టీకి కూడ పనికివచ్చును, అక్కడ అది మూడు అర్ధతరంగములుగా నడచును గనుక.

ఎత్తు చాలదని దిగులుపడవలదు. ఇరువదిముప్పది అడుగుల ఎత్తున నున్న నలుబదిమీటర్ల తీగ తన శక్తిని చాలవరకు నిలువుగా పైకి పంపును. పైన చెప్పిన అయనావరణపు మాట జ్ఞప్తికి తెచ్చుకొనుడు: పగటిపూట నిలువుగా పోయినది మూడు నాలుగువందల కిలోమీటర్ల వలయములో వర్షమువలె దిగును. అనగా తెలుగునాడు చాలవరకు. తుపాను సమయమున పొరుగుజిల్లాతో మాటాడవలసినవానికి కావలసినదియు ఇదియే.

ఇక మేము అన్నిటికంటె గట్టిగా చెప్పదలచిన విషయము. పైన చెప్పిన తొలితీగకు ముందు మరియొక ప్రయత్నము జరిగినది. వీధిప్రక్క వేపచెట్టు ఎత్తుగా నున్నదని, త్రాటికి రాయి కట్టి కొమ్మ మీదుగా విసరితిమి. రాయి కొమ్మను దాటి, వీధిలోని కరెంటుతీగలమీద పడినది. వానవెలిసిన సాయంకాలము, త్రాడు తడిసియున్నది, రెండవకొస మా మిత్రుని చేతిలో నున్నది. ఆ క్షణమున ఆ వీధికి కరెంటు లేకపోవుట తప్ప ఆతడు బ్రతుకుటకు వేరు కారణము లేదు. కరెంటు పోయినందుకు అందరమును విసుగుకొన్న సాయంకాలమది. మన వీధులలో పదునొకండువేల వోల్టుల తీగలు డాబాలకు చేరువగా పోవుచుండును. రైలుమార్గములమీది తీగలలో ఇరువదియైదువేలు. కావున మీ గడ గాని, తీగ గాని ఏ దిక్కున విరిగిపడినను కరెంటుతీగను తాకనంత దూరమున నుండవలెను. గడ పొడవునకు రెట్టింపు దూరము ఉంచుడు. అంత చోటు లేనిచో ఆ డాబామీద గడ నిలుపవలదు. లోతట్టు పెరటిలో పొట్టితీగ కట్టుకొనుడు. ఒంటరిగా గడ ఎత్తరాదు, వాననాడు అసలే ఎత్తరాదు.

పిడుగులు రెండవ భయము. మనకు ఏప్రిల్, మే నెలలలో సాయంకాలపు ఉరుములు సామాన్యము. మబ్బు కనబడగానే కేబులును యంత్రమునుండి ఊడదీసి ఇంటి వెలుపల ఉంచవలెను. ఉరుము వినబడిన తరువాత దానిని ముట్టరాదు. డైపోల్ పనిచేయుటకు ఎర్తు అక్కరలేదుగాని రక్షణకు కావలెను. మౌలాలి గుట్టను చూచినవారికి చెప్పనక్కరలేదు, మన ఊరి పునాది నల్లరాయి. రెండడుగులు త్రవ్వగానే గునపము ఖంగుమనును. రాతికి విద్యుద్వాహకత్వము తక్కువ. గుంట ఎక్కడ లోతుగా దిగునో వెదకి, కడ్డీ చుట్టును బొగ్గు, ఉప్పు నింపి, వేసవిలో బిందెడు నీళ్ళు పోయుచుండవలెను.

సంక్రాంతి దినములలో మూడవ ఉపద్రవము. పరేడు మైదానము చుట్టుప్రక్కల తెగిన గాలిపటములన్నియు మీ తీగను వెదకికొని వచ్చును. గాజుపొడి పూసిన మాంజా నైలాను త్రాటిని కోయును. పటము కొరకు పిల్లలు పిట్టగోడ ఎక్కుదురు. పండుగ మూడునాళ్ళు తీగను దింపి చుట్టపెట్టుట ఉత్తమము. మేము అట్లే చేయుచున్నాము.

అంతయు కట్టిన తరువాత సెట్టు పెట్టగా గురగురమను చప్పుడు తప్ప మరేమియు వినబడకపోవచ్చును. తీగను నిందింపవలదు. ఇంటి మెయిన్ స్విచ్చి ఆర్పి బ్యాటరీమీద వినుడు. చప్పుడు ఆగినచో దొంగ ఇంటిలోనే ఉన్నాడు: ఎల్‌ఈడీ దీపములు, ఫోను చార్జరులు, ఇన్వర్టరు. ఒక్కొక్కటిగా వెలిగించుచు పట్టుకొనవలెను. మా యింట దొరకినది వంటగదిలోని చిన్నదీపము.

లైసెన్సు వచ్చిననాడు ఒక నోటుపుస్తకము తెరచి, తేదీ, సమయము, పౌనఃపున్యము, అవతలివారి పిలుపుపేరు, వారి మాట ఎంత స్పష్టముగా వినబడినది వ్రాయుటకు గీతలు గీసికొనుడు. సమయమును ప్రపంచమంతటను ఒకే కాలమానమున వ్రాయుట ఔత్సాహికుల ఆచారము. మన గడియారమునుండి అయిదున్నర గంటలు తీసివేసినచో అది వచ్చును. ఉదయము ఏడుగంటలకు పలుకరించిన విజయవాడ మిత్రుని ఆ పుస్తకములో ఒకటిన్నరకు వ్రాసికొనవలెను.